గూడబాతు మసగ్గా వచ్చింది, తప్పు లెన్సుదేనా?

"మావయ్యా, లెన్సు పోయినట్టుంది. ఒకసారి చూడు."

ఉప్పలపాడు చెరువు గట్టు మీద మా మేనల్లుడు కెమెరా నా చేతిలో పెట్టాడు. గుంటూరు పక్కనే ఉన్న ఊరు. చెరువు మధ్యలో చెట్లు, చెట్ల నిండా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, ఐబిస్‌లు. ఏడింటికి మొదలుపెట్టి తొమ్మిది కొట్టేలోపు వాడు 800 పైచిలుకు ఫొటోలు తీశాడు. కొత్త మిర్రర్‌లెస్ బాడీ (లోపల అద్దం లేని కెమెరా), దాని మీద 600 మి.మీ. దాకా వెళ్లే జూమ్ లెన్సు. ఈఎంఐలు ఇంకా నడుస్తున్నాయి. వెనక తెర మీద మామూలుగా చూస్తే ఫొటోలన్నీ బాగానే ఉన్నాయి. నూరు శాతం పెద్దది చేస్తే మాత్రం పక్షి కన్ను ఉండాల్సిన చోట మరక.

కెమెరా నాకిచ్చేముందు వాడు చేయగలిగిందంతా చేశాడు. చేతి వణుకును సరిదిద్దే స్టెబిలైజేషన్ ఆన్ చేశాడు, ఆఫ్ చేశాడు, ఫోకస్ మోడ్ మార్చాడు, యూట్యూబ్‌లో ఎవరో చెప్పిన నంబర్లన్నీ పెట్టాడు. ఏ జ్వరమో తెలియకుండా షాపువాడిచ్చిన మాత్రలన్నీ మింగినట్టు. ఫొటో చెడితే ముందు మెనూలోకి వెళ్లకూడదు, చెడిన ఫొటోలోకి వెళ్లాలి. ఎలా చెడిందో అందులోనే ఉంటుంది.

వాడి ఫొటోల్లోంచి మూడు తీసి పక్కపక్కన పెట్టాను. మొదటి దాంట్లో గూడబాతు మావైపే వస్తోంది. పక్షి మెత్తగా ఉంది, దాని వెనకున్న కొమ్మ మీద పుల్లలు మాత్రం లెక్కపెట్టుకోవచ్చు. రెండో దాంట్లో పక్షీ కొమ్మా ఆకులూ అన్నీ ఒకే వైపు ఏటవాలుగా సాగాయి. మూడో దాంట్లో కన్ను బాగుంది, ముక్కు మీద చుక్కలు కూడా కనిపిస్తున్నాయి, రెక్కల కొసలే పొగలా ఉన్నాయి.

మూడింటినీ మనం "బ్లర్" అనే అంటాం. కానీ మొదటిది ఫోకస్ తప్పడం, రెండోది చేయి కదలడం, మూడోది షట్టర్ వేగం చాలకపోవడం. ఒకదాని మందు ఇంకోదానికి పనిచేయదు. వీటిలో స్టెబిలైజేషన్ బాగుచేయగలిగేది రెండోదాన్నే, అదీ కొంతవరకే. మనవాళ్లు ఎక్కువగా తిప్పేది ఆ స్విచ్చునే!

ముందు ఫోకస్ సంగతి చూద్దాం, సగానికి పైగా ఫొటోలు చెడేది అక్కడే. పక్షి గంటకు 54 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 15 మీటర్ల చొప్పున మనవైపు వస్తోందనుకుందాం. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరా, 600 మి.మీ., ఎఫ్/6.3 అపెర్చర్ (లెన్సు తెరుచుకునే మేర), దూరం 30 మీటర్లు. అప్పుడు స్పష్టంగా కనిపించే లోతు, అదే డెప్త్ ఆఫ్ ఫీల్డ్, ముందూ వెనకా కలిపి దాదాపు 90 సెంటీమీటర్లు. సెకనుకు 10 ఫొటోలు తీస్తుంటే ఒక ఫొటోకూ ఇంకో ఫొటోకూ మధ్య పక్షి మీటరున్నర ముందుకొచ్చేస్తుంది. మొదటి ఫ్రేములో కంటి మీద పడిన ఫోకస్ అక్కడే ఉండిపోతే రెండో ఫ్రేముకు పక్షి ఆ 90 సెంటీమీటర్ల గదిలోంచి బయటపడుతుంది. దూరం 15 మీటర్లకు తగ్గితే ఆ గది 24 సెంటీమీటర్లే. గూడబాతు ముక్కే అంతకంటే పొడుగు.

అందుకే ఎగిరే పిట్టకు ఆగకుండా వెంబడించే కంటిన్యుయస్ ఫోకస్ తప్ప వేరే దారి లేదు. నికాన్, సోనీ, ఫ్యూజీలు దాన్ని ఏఎఫ్-సి అంటాయి. కెనాన్ డీఎస్ఎల్ఆర్‌లలో (అద్దమున్న పాత తరం కెమెరాల్లో) ఏఐ సర్వో అంటారు, మిర్రర్‌లెస్‌లలో సర్వో ఏఎఫ్. (ఆ ఏఐ ఇప్పుడు అందరూ అంటున్న ఏఐయే, ఇంత హడావుడికి చాలా ఏళ్ల ముందే కెనాన్ ఆ పేరు పెట్టేసింది.) ఈ మోడ్‌లో కెమెరా పక్షి ఇప్పుడు ఎక్కడుందో కొలిచి ఊరుకోదు. వరసగా కొలుస్తూ ఎంత వేగంతో దగ్గరవుతోందో చూసుకుని, షట్టర్ తెరుచుకునే క్షణానికి ఎక్కడుంటుందో లెక్కగట్టి లెన్సును అక్కడికి పంపుతుంది. సోనీ ఏ1 లాంటివి ఈ లెక్కను సెకనుకు 120 సార్లు వేస్తాయి. ఆ లెక్కకు కొలతలు కావాలి. పక్షి కనపడగానే ఉలిక్కిపడి బటన్ నొక్కేస్తే కెమెరా చేతిలో ఒకటో రెండో కొలతలుంటాయి, అంతే. ఒక అర సెకను ముందు నుంచీ ఫోకస్ బటన్ నొక్కిపెట్టి పక్షిని వెంబడించి, ఆ తర్వాత షట్టర్ నొక్కితే తేడా అక్కడికక్కడే కనిపిస్తుంది. మావాడు వరసగా తీసిన ప్రతి బర్స్ట్‌లోనూ మొదటి మూడు నాలుగు ఫ్రేములే మరీ ఘోరంగా ఉండటానికి కారణం ఇదే.

ఇక ఫోకస్ ఏరియా, అంటే ఫ్రేములో కెమెరా ఫోకస్ కోసం వెతికే చోటు. ఏ ఏరియా పెట్టాలని పక్షిని బట్టి అడుగుతారు గానీ, నేనైతే పక్షి వెనక ఏముందో చూసి పెడతాను. వెనక ఖాళీ ఆకాశమే ఉంటే పెద్ద జోన్ పెట్టేయండి, ఫ్రేమంతా ఇచ్చినా పరవాలేదు. కెమెరాకు పట్టుకోవడానికి పక్షి తప్ప ఇంకేం దొరకదు. అదే పక్షి చెట్ల ముందుగా పోతోందంటే కథ మారుతుంది. ఈ కెమెరాలు వాడే ఫేజ్ డిటెక్షన్ అనే ఫోకస్ పద్ధతికి కావలసింది వెలుగు నీడల తేడా. ఉప్పలపాడు చెట్లలో ఎండ పడిన కొమ్మలు, తెల్లటి రెట్ట చారలు, ఆకుల సందులు, అన్నీ తేడాలే. నున్నటి బూడిదరంగు గూడబాతు వాటితో పోటీపడలేదు. పెద్ద జోన్ పెడితే ఫోకస్ వెనక్కి జారుతుంది. మావాడి మొదటి ఫొటోలో కొమ్మ షార్ప్‌గా రావడానికి కారణం అదే. అక్కడ చిన్న జోన్ గానీ, ఒక పాయింటు చుట్టూ నాలుగు పాయింట్లు తోడుండే మోడ్ గానీ పెట్టి, దాన్ని పక్షి మెడ మీదో తల మీదో నిలబెట్టాలి. పొట్ట మీద పెడితే తెల్ల కొంగకు అసలే పనిచేయదు, తెల్లటి ఈకల్లో పట్టుకోవడానికి గీత ఉండదు.

"ఇప్పుడు కన్నును అదే పట్టుకుంటోందిగా మావయ్యా" అన్నాడు వాడు. నిజమే. 2020లో వచ్చిన కెనాన్ ఆర్5, 2021లో వచ్చిన సోనీ ఏ1 తర్వాత పక్షుల ఫొటోగ్రఫీ అంతకుముందులా లేదు. కెమెరా పక్షిని గుర్తుపట్టి, అందులో తలను, తలలో కన్నును వెతుక్కుంటుంది. డీఎస్ఎల్ఆర్‌తో పదేళ్లు తంటాలు పడిన నాలాంటివాళ్లకు అది మొదటిసారి చూసినప్పుడు కొంచెం కడుపుమంటగా కూడా ఉంటుంది. అయితే అది వెతికేది మనమిచ్చిన ఏరియాలోనే. చెట్టు నిండా నలభై గూడబాతులుండి, వాటి ముందు నుంచి ఒకటి ఎగిరిపోతుంటే, ఫ్రేమంతా ఇచ్చిన కెమెరా కూర్చున్న నలభైలో ఏదో ఒకదాని కన్ను పట్టుకుని తృప్తిపడిపోతుంది. పచ్చ చతురస్రం మెరుస్తుంది, మనం సంబరపడతాం, ఇంటికొచ్చాక తెలుస్తుంది. అలాంటి చోట కన్ను గుర్తింపు ఆన్‌లోనే ఉంచి, ఏరియాను మాత్రం చిన్నది చేయాలి. ఇంకో సంగతి: మెనూలో జంతువు, పక్షి, మనిషి అని ఏం గుర్తించాలో ఎంచుకునే వరస ఉంటుంది. పుట్టినరోజు ఫంక్షన్‌కు మనిషి అని పెట్టి, అలాగే చెరువుకొచ్చిన వాళ్లను చూశాను. వాళ్లలో నేనూ ఒకణ్ని.

ట్రాకింగ్ సెన్సిటివిటీ దగ్గర మాత్రం మావాడు నిజంగా మోసపోయాడు. పక్షికీ మనకూ మధ్యలోకి కొమ్మ అడ్డొస్తే కెమెరా వెంటనే కొమ్మ మీదికి దూకాలా, కాసేపు ఓపిక పట్టి పక్షి కోసం ఆగాలా? ఆ ఓపిక ఎంతో చెప్పే సెట్టింగు ఇది. "5 పెట్టండి, పట్టిన పక్షిని వదలదు" అని వీడియోలో విన్నాడట, పెట్టాడు. వీడియో చేసినవాడిది ఒక కంపెనీ కెమెరా, వీడిది ఇంకోటి. నికాన్‌లో 1 అంటే తొందర, 5 అంటే నింపాది. సోనీలో సరిగ్గా తలకిందులు: 1 అంటే పట్టు విడవదు, 5 అంటే ఏది ఎదురొస్తే దాని మీదికి దూకుతుంది. కెనాన్‌లో మైనస్ వైపు పట్టు, ప్లస్ వైపు తొందర. పొద్దుటి నుంచీ అడ్డొచ్చిన ప్రతి పుల్లకూ వాడి ఫోకస్ ఎందుకు జారిపోతోందో అప్పుడు అర్థమైంది. నంబరు ఎప్పుడూ అరువు తెచ్చుకోకూడదు, దాని పక్కన రాసున్న మాట చదవాలి. చెట్లున్న చోట పట్టు వైపు ఒక మెట్టు, ఆకాశంలో తిరిగే వానకోయిలలకు తొందర వైపు ఒక మెట్టు. తక్కిన రోజుల్లో నేను మధ్యలోనే ఉంచుతాను.

లెన్సు పక్కనుండే చిన్న స్విచ్చు, ఫోకస్ లిమిటర్, అంతకంటే ఎక్కువ మేలు చేస్తుంది, దాన్ని ఎవరూ తాకరు. పక్షి చేజారితే లెన్సు దగ్గర నుంచి దూరం దాకా ఒక చుట్టు చుట్టి వస్తుంది, ఈలోపు పక్షి పక్క ఊరు చేరుతుంది. నికాన్ 200-500లో 6 మీటర్ల నుంచి, సోనీ 200-600లో 10 మీటర్ల నుంచి, కెనాన్ ఆర్ఎఫ్ 100-500లో 3 మీటర్ల నుంచి అనంతం దాకా మాత్రమే వెతకమని చెప్పొచ్చు. అలాగే పక్షి రాకముందే, అది వచ్చే దూరంలో ఉన్న చెట్టు మీద ఒకసారి ఫోకస్ చేసి ఉంచుకుంటే, కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్‌లోకి అది స్పష్టంగానే ప్రవేశిస్తుంది. మరీ మసగ్గా ఉన్న పక్షిని ఎంత గొప్ప కెమెరా అయినా పక్షి అని గుర్తుపట్టలేదు.

చేయి, రెక్క, షట్టర్

మూడో ఫొటో దగ్గరికి వద్దాం. 600 దగ్గర 30 మీటర్ల దూరంలో ఫ్రేము వెడల్పు 1.8 మీటర్లు. 24 మెగాపిక్సెళ్ల సెన్సర్ వెడల్పు 6000 పిక్సెళ్లు. అంటే ఒక్కో పిక్సెల్‌కు పక్షి మీద 0.3 మిల్లీమీటర్లు. కెమెరాను కదపకుండా పట్టుకుని, అడ్డంగా సెకనుకు 15 మీటర్ల వేగంతో పోయే పక్షిని షట్టర్ 1/1000 సెకను పెట్టి తీస్తే ఆ వ్యవధిలో అది 15 మిల్లీమీటర్లు జరుగుతుంది, అంటే 50 పిక్సెళ్ల గీత. 1/2000 పెట్టినా 25. 1/4000 పెట్టినా 12 పిక్సెళ్ల పైనే. అదే కెమెరాను పక్షితో పాటు తిప్పుతూ, వేగంలో పదో వంతు తేడాతో వెంబడించగలిగితే 1/2000 దగ్గర మిగిలేది రెండున్నర పిక్సెళ్లు. షట్టర్ రెట్టింపు చేస్తే మసక సగమే తగ్గుతుంది, చేయి కుదిరితే పదో వంతుకు పడిపోతుంది. ఇంత మేలు ఏ మెనూలోనూ దొరకదు.

షట్టర్ అసలు అవసరం రెక్కల కోసం. చేయి ఎంత కుదిరినా రెక్క తన దారిన తాను కొట్టుకుంటుంది. గూడబాతు, ఎర్రకాళ్ల కొంగ నింపాదిగా కొట్టే పక్షులు, 1/1250 నుంచి 1/1600 సరిపోతుంది. గద్ద మలుపు తిరిగేటప్పుడు 1/2000. తీగ మీంచి పల్టీ కొట్టే పాలపిట్టకు 1/3200 లేకపోతే ఆ నీలం అంతా అలికినట్టు వస్తుంది. లకుముకి నీళ్లలోకి దూకేటప్పుడు 1/4000 పెట్టి దేవుడికి దండం పెట్టుకోవాలి. ఒక చిన్న కిటుకుంది: రెక్క పైకి వెళ్లి కిందికి తిరిగే చోట, కిందికొచ్చి పైకి తిరిగే చోట ఒక్క క్షణం నిలబడుతుంది. వెలుతురు చాలని పొద్దుల్లో 1/800తో తీసినా ఆ రెండు చోట్ల రెక్క కొస స్పష్టంగానే వస్తుంది. బర్స్ట్‌లో ఏది ఉంచాలో చూసుకునేటప్పుడు ఆ ఫ్రేముల కోసం వెతకండి.

వెలుతురు లెక్క సులువే. మంచి ఎండలో ఎఫ్/6.3, ఐఎస్ఓ (వెలుగుకు సెన్సర్ ఎంత స్పందించాలో చెప్పే అంకె) 400 పెడితే షట్టర్ దాదాపు 1/2500 వస్తుంది. పొద్దున్నే మంచు పొరలో అదే షట్టర్‌కు ఐఎస్ఓ 3200 అడుగుతుంది. ఇవ్వండి. ఐఎస్ఓ పెంచితే వచ్చే గరుకును సాఫ్ట్‌వేర్ తుడుస్తుంది, మసకను తుడవలేదు. మాన్యువల్ మోడ్‌లో షట్టర్, అపెర్చర్ బిగించి ఐఎస్ఓ ఒక్కదాన్ని ఆటోకు వదిలేస్తే సరి. వెనక తెల్లటి ఆకాశం ఉంటే ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాపు, అంటే రెండింతలు, పెంచాలి, లేకపోతే పక్షి నల్లగా నీడలా వస్తుంది.

స్టెబిలైజేషన్ అంటే ఏమిటి, ఏమిటి కాదు

ఎస్ఎల్ఆర్ లెన్సులోకి ఇది మొదట వచ్చింది 1995లో, కెనాన్ 75-300తో. లెన్సులో ఉండే గైరో సెన్సర్లు కెమెరా ఎటు తిరుగుతోందో పసిగడతాయి, ఒక గాజు కటకాల గుంపు దానికి ఎదురుగా జరిగి బొమ్మను నిలబెడుతుంది. అది కొలిచేది కెమెరా కదలికను మాత్రమే. ఎదుట పక్షి అనేదొకటి ఉందని కూడా దానికి తెలియదు. ప్రకటనలో "5 స్టాపులు" అని ఉందంటే, 600 మి.మీ. దగ్గర చేత్తో పట్టుకుని 1/600కు బదులు 1/20తో తీయొచ్చని. కొమ్మ మీద కునికే గుడ్లగూబకు అది వరం. ఎగిరే పిట్టను 1/20తో తీస్తే మిగిలేది రంగులే.

మరి 1/2000 దగ్గర స్టెబిలైజేషన్ ఎందుకు? ఫొటోకు కాదు, వ్యూఫైండర్‌కు. 600 దగ్గర చేయి అర డిగ్రీ కదిలితే సెన్సర్ మీద బొమ్మ 5 మిల్లీమీటర్లకు పైగా జరుగుతుంది, 50 మి.మీ. లెన్సులో అయితే అర మిల్లీమీటరు కూడా జరగదు. వ్యూఫైండర్ అలా ఎగిరెగిరి పడుతుంటే ఫోకస్ పాయింటు పక్షి తల మీద నిలవదు. పాయింటు నిలవకపోతే కొలతలు చెడతాయి, కొలతలు చెడితే ముందు చెప్పిన అంచనా లెక్క చెడుతుంది. స్టెబిలైజేషన్ ఫోకస్‌కు మేలు చేసేది ఇలా చుట్టుదారిలో. మనం ఫోకస్ అనీ స్టెబిలైజేషన్ అనీ విడివిడిగా మాట్లాడుకుంటున్నాం గానీ, లెన్సు లోపల అవి ఒకదాని భుజం మీద ఒకటి చేయి వేసుకునే నడుస్తాయి.

చిక్కల్లా మోడ్‌తోనే. మామూలు మోడ్ 1 అన్ని దిక్కుల కదలికనూ ఆపాలని చూస్తుంది. మనం పక్షితో పాటు కెమెరాను తిప్పుతుంటే, ముఖ్యంగా పాత లెన్సుల్లో, అది కూడా వణుకే అనుకుని వెనక్కి లాగుతుంది. చేతికి తెలుస్తుంది ఆ లాగుడు, జిగురులో లెన్సు తిప్పుతున్నట్టుంటుంది. మోడ్ 2 ప్యానింగ్ కోసం: తిప్పే దిక్కును వదిలేసి, అడ్డంగా తిప్పుతుంటే పైకీ కిందికీ వచ్చే వణుకునే సరిచేస్తుంది. గూడబాతులు నీటికి సమాంతరంగా బారుగా పోయేటప్పుడు ఇది బ్రహ్మాండం. గద్ద గిరికీలు కొడుతూ ఏటవాలుగా దిగితే దీనికి దిక్కు తెలియదు. అలాంటి వంకర పోకలకు కెనాన్, సోనీ, టామ్రాన్‌ల పెద్ద లెన్సుల్లో మోడ్ 3 ఉంది, నికాన్‌లో స్పోర్ట్ మోడ్ దాదాపు అదే పని చేస్తుంది. నేను ఉప్పలపాడులో అయినా పులికాట్‌లో అయినా దాన్నే పెట్టి మరిచిపోతాను. ఎండ బాగా ఉండి షట్టర్ 1/3200 దాటితే కొందరు పూర్తిగా ఆపేస్తారు. చేతులు గట్టివైతే ఆపి చూడండి, నష్టం లేదు. నావి గట్టివి కావు.

ఇక బాడీలోనే సెన్సర్‌ను కదిపే పద్ధతి. ఇన్-బాడీ ఇమేజ్ స్టెబిలైజేషన్ అనే దాని పేరును కుదించి ఐబిస్ అంటారు. చెరువు మీద ఐబిస్ అంటే తెల్లటి ఒంటితో, కొడవలి ముక్కుతో ఉండే పక్షి, కెమెరా షాపులో ఐబిస్ అంటే బిల్లు మీద అదనం. ముందు చెప్పిన 5 మిల్లీమీటర్ల లెక్క ఇక్కడా వర్తిస్తుంది: అంత దూరం సెన్సర్ పరుగెత్తలేదు. పొడుగు లెన్సుల దగ్గర బరువు మోసేది లెన్సులోని స్టెబిలైజేషనే, పక్షుల కోసమే అయితే బాడీ ఐబిస్‌ కోసం డబ్బు పోయొద్దు.

ఫోకస్‌ను వెనక బటన్‌కు మార్చుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. నికాన్ డీఎస్ఎల్ఆర్‌లలో ఏఎఫ్-ఆన్ బటన్ నొక్కితే ఫోకస్ మొదలవుతుంది గానీ వైబ్రేషన్ రిడక్షన్ (స్టెబిలైజేషన్‌కు నికాన్ పెట్టిన పేరు) మొదలవదు. దానికి షట్టర్ బటన్ సగం నొక్కాలి. బొటనవేలూ చూపుడువేలూ రెండూ పని చేయాలన్నమాట.

మోడ్ 2ను ఒక్కసారైనా నెమ్మది షట్టర్‌తో వాడి చూడండి. సాయంత్రం గూళ్లకు చేరే తెల్ల కొంగ, వెనక నల్లటి చెట్లు, 1/60. ఇరవైకి పందొమ్మిది పోతాయి. మిగిలిన ఒక్కదాంట్లో తల నిలబడి, రెక్కలు పాలు ఒలికినట్టు సాగి ఉంటాయి.

కొన్ని మసకలకు ఏ సెట్టింగూ లేదు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యగా సాగుతుంది. చలికాలంలో ఆ రోడ్డు మీద నిలబడితే ఫ్లెమింగోలు రెండు వైపులా కనిపిస్తాయి. పదిన్నర తర్వాత ఆ ఉప్పునేల వేడెక్కి గాలి అలలు అలలుగా లేస్తుంది. అప్పుడు తీసిన ఫొటోల్లో ఫోకస్ సరిగ్గానే ఉంటుంది, గీతలు మాత్రం నీళ్లలోంచి చూసినట్టు వంకరగా ఉంటాయి. లెన్సును ఎంత పొడుగుది కొంటే అంత గాలిని కూడా పెద్దది చేసి చూపిస్తుంది. తెల్లవారగానే వెళ్లి, ఎండెక్కగానే టిఫిన్‌కు పోవడమే మార్గం.

గాలి ఇంకో విధంగా పనికొస్తుంది. పెద్ద పక్షులు గాలికి ఎదురుగానే లేస్తాయి, ఎదురుగానే దిగుతాయి. ఈశాన్య గాలి వీచే చలికాలపు పొద్దున చెరువుకు తూర్పు గట్టున నిలబడితే సూర్యుడు వీపు వెనక, దిగే పక్షి ముఖం మనవైపు. పడమటి గట్టున నిలబడినవాడికి నీడలూ తోకలూ మిగులుతాయి. మావాడు నిలబడింది పడమటి గట్టునే, బండి అక్కడ ఆపాడు కాబట్టి! లేవబోయే పక్షి కూడా ముందే చెబుతుంది: గాలివైపు తిరిగి, మెడ ముందుకు చాచి, చాలాసార్లు ఒక రెట్ట వేసి బరువు దించుకుని మరీ లేస్తుంది. రెట్ట పడిందంటే వేలు బటన్ మీదికి పోవాలి. కొందరు చప్పట్లు కొట్టీ, రాళ్లేసీ లేపుతారు. గుడ్ల మీదున్న పక్షిని అలా లేపితే ఎండలో గుడ్లు ఉడికిపోతాయి.

ఆ రోజు వాడి కెమెరాలో మార్చినవి మూడే: ట్రాకింగ్ పట్టు వైపు, ఏరియా చిన్నది, స్టెబిలైజేషన్ మోడ్ 3. ఎడమచేయి లెన్సు మధ్యలో కాకుండా ముందుకు జరిపించి, మోచేయి పక్కటెముకలకు ఆనించమన్నాను. తూర్పు గట్టుకు నడిపించాను.

తర్వాతి ఆదివారం రాత్రి వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది. గూడబాతు నేరుగా ఎదురొస్తోంది. కంట్లో సూర్యుడి చుక్క, ముక్కు కింద సంచి మీద నరాలు, మెడ మీద ఈకల చివర్లు, అన్నీ ఉన్నాయి. కుడి రెక్క సగానికి తెగిపోయింది, ఎడమ రెక్క కొస లేదు. కింద ఒక ఏడుపు బొమ్మ.

"ఫోకస్ కుదిరింది మావయ్యా, రెక్కలు పట్టలేదు."

ఫ్రేము వెడల్పు 1.8 మీటర్లు, గూడబాతు రెక్కల చాపు రెండు మీటర్ల పైనే. జూమ్ 400కు తెచ్చుకోమని రాశాను, అప్పుడు ఫ్రేము 2.7 మీటర్లవుతుంది. కాసేపటికి జవాబొచ్చింది: "600 డబ్బులు పెట్టి 400 వాడమంటావా?"